ఫైర్డ్ కాదు, లెయిడ్ ఆఫ్: నా అనుభవం

హన్మకొండలో ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే "ఐ వాజ్ ఫైర్డ్" అన్నాను. అంతే, వాళ్ల ముఖాలు మారిపోయాయి. నిజానికి ఆర్డర్లు తగ్గి మా యూనిట్‌లో పదిమందిని ఒకేసారి తీసేశారు. మనం దేనికైనా "తీసేశారు" అనే అంటాం. ఇంగ్లీషులో పని లేక తీసేస్తే "లెయిడ్ ఆఫ్", మన తప్పుకు తీసేస్తే "ఫైర్డ్". ఈ తేడా తెలియక చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయింది. చాలా బాధపడ్డాను.

విడి మాటలు బట్టీ పట్టకు, కలిసి వచ్చే మాటల్ని జంటగా నేర్చుకో అని కాజీపేటలో ఉండే మా అక్క చెప్పింది. నోట్‌బుక్‌లో ఎడమ పక్క మన మాట, కుడి పక్క ఇంగ్లీషు జంట రాసుకున్నాను. ఉద్యోగం పోయింది అంటే "లాస్ట్ మై జాబ్". రాజీనామా ఇచ్చాను అంటే "హ్యాండెడ్ ఇన్ మై నోటీస్". మనుషుల్ని పనిలోకి తీసుకోవడం "టేక్ ఆన్ స్టాఫ్". ఆఫీసులో ఎంతమంది పనిచేసినా "స్టాఫ్" అనే అనాలి, "స్టాఫ్స్" కాదు. ఈ అలవాటు మానడానికి నాకు వారం పట్టింది. అన్నిటికన్నా మొండిది "డూయింగ్ జాబ్". "హావ్ ఎ జాబ్" అనడం ఇప్పటికీ గుర్తు చేసుకోవాల్సి వస్తోంది.

తర్వాతి ఇంటర్వ్యూలో "వుయ్ వర్ లెయిడ్ ఆఫ్" అన్నాను. ఆయన తలూపి, జీతం సంగతికి వచ్చారు.