బ్యాటరీ బండికి లిథియం పాలిమర్ – నాలుగో పాఠం: పన్నెండు సెల్‌ల లెక్క

గత పాఠంలో సీటు కింద ఉన్న నాలుగు సీసం బ్యాటరీలను దింపి తూకం వేశాం. ఒక్కోటి ఏడు కిలోలకు దగ్గరగా, మొత్తం ఇరవై ఎనిమిది కిలోలు తూగాయి. వాటి చోట పెట్టబోయే రెండు లిథియం పాలిమర్ ప్యాక్‌లు కలిపినా నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. చేతిలోకి తీసుకోగానే తీగలు కలిపేసి ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రం దాకా ఒక్క ఊపున వెళ్లి రావాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఆగండి.

మరోసారి గుర్తు చేస్తున్నాను: ఈ పాఠాలు 250 వాట్లలోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించకుండా నడిచే, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండ్లకు మాత్రమే. రిజిస్ట్రేషన్ ఉన్న బండి బ్యాటరీ జోలికి వెళ్లకండి. 2022లో వరుసగా బండ్లు తగలబడ్డాక వాటి బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా పరీక్షలను కఠినం చేశారు. ఆ పరీక్షలకు నిలిచిన బ్యాటరీని తీసేసి సొంతది పెడితే ఆ రక్షణ మొత్తం పోయినట్లే.

ఇక ప్యాక్‌ల సంగతి. చేలల్లో డ్రోన్‌తో మందు పిచికారీ చేస్తుండగా చూసినవారికి ఇవి కొత్త కాదు. గట్టు మీద ఇటుకల్లా పేర్చి ఉంచే బ్యాటరీలు ఇలాంటివే. మనం తీసుకున్నది 22.2 వోల్టులు, 16 ఆంపియర్ అవర్ సామర్థ్యం ఉన్న ప్యాక్. లోపల ఆరు సెల్‌లు ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి. సెల్ పేరుకు 3.7 వోల్టులు. నిండితే 4.2. ఎట్టి పరిస్థితుల్లోనూ 3.0 కంటే కిందికి దిగనివ్వకూడదు. రెండు ప్యాక్‌లను సిరీస్‌లో కలిపితే పన్నెండు సెల్‌లు: పేరుకు 44.4, నిండితే 50.4 వోల్టులు. 48 వోల్టుల బండికి ఇవి చక్కగా సరిపోతాయి. ఇలాంటి బండ్లలో మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్లు చాలావరకు 42 వోల్టుల దగ్గర మోటారును ఆపేస్తాయి. 42ను పన్నెండుతో భాగిస్తే సెల్‌కు 3.5. సరిగ్గా మనం ఆగాల్సిన చోటు అదే. లెక్క ఇంత బాగా కుదిరింది కాబట్టే ఇక్కడ చాలామంది ఏమరుపాటున ఉంటారు.

కంట్రోలర్‌కు తెలిసేది మొత్తం వోల్టేజీ ఒక్కటే, విడివిడి సెల్‌ల సంగతి కాదు. పదకొండు సెల్‌లు 3.6 దగ్గర ఉన్నాయి, ఒక్కటి మాత్రం 2.9కి జారిపోయింది అనుకుందాం. కాగితం మీద కూడండి. పదకొండు సెల్‌లకు 39.6, దానికి 2.9 కలిపితే 42.5. కంట్రోలర్ దృష్టిలో అంతా క్షేమమే, బండి నడుస్తూనే ఉంటుంది. ఆ ఒక్క సెల్ మాత్రం ప్రతి మలుపులోనూ, ప్రతి ఎత్తులోనూ ఇంకా కిందికి దిగుతుంది. అలా బాగా అడుక్కి వెళ్తే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి అడ్డదిడ్డంగా పేరుకుని సెల్ లోపలే షార్ట్ కావచ్చు.

సీసం బ్యాటరీలతో ఏళ్ల తరబడి పనిచేసిన మెకానిక్‌లకు ఈ జాగ్రత్త ఎందుకు అలవాటు లేదో తెలుసుకోవాలి. సీసం బ్యాటరీ నిండాక వచ్చే అదనపు కరెంటు లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి ఖర్చవుతుంది. ముందు నిండినది ఆ పనిలో ఉండగా వెనకబడినది నెమ్మదిగా దాన్ని అందుకుంటుంది. అందుకే నాలుగింటికీ కలిపి ఒకే ఛార్జర్ పెట్టినా ఇన్నాళ్లూ గడిచిపోయింది. లిథియంలో అలాంటి దారి లేదు. నిండిన సెల్‌లోకి ఇంకా నెడితే లిథియం లోహంగా పేరుకుంటుంది, వాయువు పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది, ఆపైన నిప్పు. మంచి మెకానిక్ అయినా సీసం నాటి అలవాటుతో లిథియంను ముట్టుకుంటే ప్రమాదమే.

నా మొదటి ప్యాక్ అలాగే పోయింది. రోజూ సాయంత్రం మల్టీమీటర్ పెట్టి మొత్తం వోల్టేజీ చూసేవాడిని, 44 పైన ఉంటే తృప్తిగా పక్కన పెట్టేవాడిని. ఒకరోజు బండి మామూలుకన్నా ముందుగానే నీరసించింది. అయినా సెల్‌లు చూడకుండా ఛార్జింగ్‌కు పెట్టాను. తెల్లారేసరికి ప్యాక్ ఒక పక్క పూరీలా పొంగి ఉంది. అప్పుడు కొలిస్తే అయిదు సెల్‌లు ఒకలా ఉన్నాయి, ఆరోది వాటితో పొంతన లేకుండా ఉంది. ఆ రాత్రి ఇంట్లో పిల్లలు నిద్రపోతున్న గదికీ ఆ ప్యాక్‌కీ మధ్య ఒక్క గోడే ఉంది. అందుకే ఈ ఒక్క విషయానికి ఒక పాఠమంతా కేటాయిస్తున్నాను.

ప్యాక్ నుంచి రెండు లావు తీగలతో పాటు సన్నని తీగలు ఏడు, తెల్లటి ప్లగ్‌తో బయటికి వస్తాయి. దీన్ని బ్యాలెన్స్ వైరు అంటారు. చాలామంది దీన్ని మడిచి టేపు చుట్టేస్తారు. అసలు ప్యాక్ నాడి అక్కడే దొరుకుతుంది. ఆ ప్లగ్‌కు తగిలించే చిన్న సెల్ చెకర్ కొనండి. ఆరు సెల్‌ల వోల్టేజీలను ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. ఏ ఒక్కటి మనం పెట్టిన హద్దు కంటే కిందికి దిగినా గట్టిగా మోగుతుంది. హద్దు 3.5 దగ్గర పెట్టండి. ప్యాక్‌కు ఒకటి చొప్పున రెండు చెకర్లు, బండి నడుస్తున్నంతసేపూ తగిలించే ఉండాలి. ఆపి పెట్టినప్పుడు తీసేయండి, లేకపోతే అవే సెల్‌లను కొద్దికొద్దిగా తాగేస్తాయి. బండి డాష్‌బోర్డు మీది ముల్లును మాత్రం నమ్మకండి. అది సీసం బ్యాటరీ కోసం గీసిన కొలత.

ఇప్పుడు కలపడం. రెండు ప్యాక్‌లూ ఒకే తయారీవి, ఒకే సామర్థ్యంవి, ఒకేసారి కొన్నవి కావాలి. కలిపే ముందు పన్నెండు సెల్‌లూ కొలవండి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానికీ తక్కువ ఉన్నదానికీ తేడా 0.03 వోల్టులు దాటితే ముందు ప్యాక్‌లను విడివిడిగా బ్యాలెన్స్ ఛార్జ్ చేయండి, అంటే సెల్‌లన్నీ ఒకే వోల్టేజీకి వచ్చేలా ఛార్జ్ చేయండి. చేతి ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. ఒక ప్యాక్ ఎరుపు తీగను రెండోదాని నలుపు తీగకు కలపాలి. మిగిలిన నలుపు, ఎరుపు కంట్రోలర్‌కు వెళ్తాయి. ఎరుపు తీగ మీద, ప్యాక్‌కు వీలైనంత దగ్గరగా 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఇది లేకుండా ముందుకు వెళ్లకండి. షార్ట్ అయితే ఈ ప్యాక్‌లు ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు వదులుతాయి, స్పానర్ కూడా కరుగుతుంది. కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి చివరి కనెక్షన్ ఇచ్చేటప్పుడు టప్‌మని నిప్పురవ్వ వస్తుంది. లోపల చిన్న రెసిస్టర్ ఉన్న ఎక్స్‌టీ90ఎస్ కనెక్టర్ వాడితే అది రాదు.

పాత ఛార్జర్‌ను ఈరోజే ఇంట్లోంచి పంపించేయండి. 48 వోల్టుల సీసం ఛార్జర్ 59 దాకా వెళ్తుంది. 59ని పన్నెండుతో భాగించండి: సెల్‌కు 4.9. తెలియక ఇంట్లో ఎవరైనా ప్లగ్ పెట్టారంటే చాలు. సరిగ్గా 50.4 ఇచ్చే ఛార్జర్ ఉన్నా, బ్యాలెన్స్ లేకపోతే అదీ చాలదు. పదకొండు సెల్‌లు 4.18 దగ్గర ఉండి ఒకటి 4.42కి ఎక్కినా మొత్తం సరిగ్గా 50.4 చూపిస్తుంది. అందుకే ఆరు సెల్‌ల బ్యాలెన్స్ ఛార్జర్‌తో, లావు తీగలూ తెల్ల ప్లగ్గూ రెండూ తగిలించి, ఒక్కో ప్యాక్‌ను విడిగా ఛార్జ్ చేయాలి. ప్యాక్‌లు ఒకదానికొకటి కలిసి ఉండగా రెండు ఛార్జర్లు పెట్టకండి. ఛార్జర్ల మైనస్ తీగలు లోపల కలిసి ఉంటే అదే షార్ట్ అవుతుంది. కరెంటు 8 ఆంపియర్లు చాలు, రెండు గంటల పైన పడుతుంది. ఆ రెండు గంటలూ మీరు అక్కడే ఉండాలి.

నేను వరండా చివర, చీమకుర్తి గ్రానైటు ముక్క మీద పెట్టి ఛార్జ్ చేస్తాను. మన జిల్లాలో రాయికి కరువు లేదు కదా. పక్కనే పొడి ఇసుక బకెట్. గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద, మంచం పక్కన వద్దు. పొగ మొదలైతే బ్యాటరీని కాపాడాలని చూడకండి. ఆ పొగ విషం. అందరినీ బయటికి తీసుకెళ్లి 101కు ఫోన్ చేయండి.

ఎండ గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఎండలో నిలిపిన బండి సీటు ఎత్తితే లోపలి నుంచి సెగ ముఖానికి కొడుతుంది. ప్యాక్ 45 డిగ్రీలు దాటి ఉంటే ఛార్జ్ చేయకూడదు. ఇంటికి రాగానే బయటికి తీసి నీడలో గంటసేపు చల్లారనివ్వండి. వారం పది రోజులు బండి తీయకపోతే నిండుగా ఉంచకండి, సెల్‌కు 3.8 దగ్గర దించి పెట్టండి.

కొత్తపట్నం సంగతి మిగిలింది. 44.4ను 16తో గుణిస్తే 710 వాట్ అవర్. అందులో అయిదో వంతు మిగల్చాలి కాబట్టి వాడుకునేది 568. నా బండి కిలోమీటరుకు 20 దాకా తీసుకుంటుంది, అంటే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. పోను రాను ముప్పై దాటుతుంది, మధ్యాహ్నం వెళ్తే సముద్రపు గాలి ఎదురు తగులుతుంది. ఈ ప్యాక్‌తో ఆ ప్రయాణం కుదరదు. దానికి 22 ఆంపియర్ అవర్ జత కావాలి.

వచ్చే పాఠంలో ఈ ప్యాక్‌లకు పెట్టె కడతాం. అప్పటిదాకా ఒక నోటుపుస్తకంలో పన్నెండు గళ్లు గీసి, ఛార్జ్ చేసిన ప్రతిసారీ ముందూ వెనకా పన్నెండు వోల్టేజీలూ రాయండి. పది రోజులు రాశాక ఏ గడి ప్రతిసారీ వెనకబడుతోందో చూసి, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. పెట్టెలో ఆ ప్యాక్‌ను ఏ వైపు పెట్టాలో దాన్నిబట్టే తేలుద్దాం.