టెన్షన్‌కూ ఒక చిట్టా పెట్టుకోండి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 22 ఏళ్ళుగా గుమాస్తాగా లెక్కలు రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు ఊపిరాడదు. కాటాలు, పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు), హమాలీల కూలి, కోల్డ్ స్టోరేజీ లెక్కలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మూడేళ్ళ క్రితం మార్చిలో ఒక మధ్యాహ్నం, ఒకే పట్టీని మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. 38 టిక్కీల (మిర్చి బస్తాల) సరుకు, అంతే. ఎదురుగా బల్ల మీద కూర్చున్న పల్నాడు పెద్దాయన "నిదానంగా చూడు బాబూ, తొందరేం లేదు" అన్నాడు. ఆయన మీద గట్టిగా అరిచాను. ఆయన ఏమీ అనలేదు. గ్లాసులో సగం టీ అలాగే వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్ళి నిలబడ్డాడు. ఆ సగం గ్లాసు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

నిజానికి నెల ముందు నుంచే ఒళ్ళు చెబుతోంది, నేనే వినలేదు. రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేది. పొద్దున లేస్తే దవడలు నొప్పి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని మా ఆవిడ చెప్పింది. గుండె దడదడలాడితే గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను. చివరికి డాక్టరు ఈసీజీ తీసి, బాగానే ఉందని చెప్పి, "నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగారు. మీకూ ఛాతీలో నొప్పి వస్తే టెన్షనేలే అని మీరే తేల్చేసుకోకండి. ముందు ఆసుపత్రికి వెళ్ళండి.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఆపద అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. పాము కనిపించినప్పుడు అది మనల్ని కాపాడుతుంది. రేటు పడిపోతుందేమోనన్న భయం మాత్రం పాములా పక్కకు పోదు, నెలల తరబడి కూర్చుంటుంది. రాత్రికి తగ్గాల్సిన కార్టిసాల్ తగ్గకపోతే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మతిమరుపు, చిరాకు. అలాగే కొనసాగితే ఆందోళన, డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది పిరికితనం కాదు, ఒంటి పని.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది చిట్టా. రోజూ కొట్టు కట్టేసే ముందు పది నిమిషాలు, ఒక మామూలు నోటుబుక్కులో ఆ రోజు మనసులో తిరిగిందంతా రాస్తాను. జమ, ఖర్చు రాసినట్టే పేజీకి మధ్యలో గీత. ఎడమవైపు నా చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి. ఒక రోజు పేజీ ఇలా ఉంది: బ్యాంకులో ఎనిమిది చెక్కులు వేయాలి, ఎడమవైపు, పక్కనే "రేపు 10 గంటలకు". తేజ రకం మిర్చి రేటు తగ్గుతుందేమో, కుడివైపు. అమ్మాయి ఇంటర్ పరీక్షలో మార్కులు, కుడివైపు. తనను సెంటరు దగ్గర టైముకు దించడం, ఎడమవైపు. ఎడమవైపు ప్రతి దానికీ ఎప్పుడు చేస్తానో రాయాలి, అది రాయకపోతే చిట్టా పనిచేయదు. కుడివైపువి రాత్రి గుర్తొస్తే "రాశాను కదా, రేపు సాయంత్రం చూద్దాం" అనుకుంటాను. మొదటి వారం ఏమీ తేడా తెలియలేదు. రెండో వారం ఒక రాత్రి నాలుగింటి దాకా మెలకువ రాలేదు.

అప్పటికప్పుడు దడ తగ్గాలంటే ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా బయటికి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. యార్డు ఘాటులో ఇది కుదరదు, దగ్గొస్తుంది. నేను గేటు బయట బండి ఆపుకుని, దాని మీదే కూర్చుని చేస్తాను.

నిద్ర కోసం సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేశాను. తాగిన టీలో కెఫీన్ సగం తగ్గడానికే చాలామందికి ఐదారు గంటలు పడుతుందట. రేట్ల వాట్సాప్ గ్రూపులున్న ఫోను ఇప్పుడు వంటింట్లో పడుకుంటుంది. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వరండాలో కూర్చుని, కళ్ళు మూతపడుతుంటే మళ్ళీ వెళ్తాను. మద్యం పుచ్చుకుంటే నిద్ర పడుతుందని మావాళ్ళు చాలామంది అంటారు. పట్టడం త్వరగా పడుతుంది గానీ తెల్లవారుజామున చెడగొడుతుంది.

అయితే ఇద్దరు చేసే పని ఒక్కడి నెత్తిన ఉంటే ఏ ఊపిరీ దాన్ని మోయలేదు. నేను షావుకారుగారి దగ్గర కూర్చుని, తప్పులు పడిన పట్టీలు చూపించి, "సీజను మూడు నెలలైనా ఒక కుర్రాణ్ణి పెట్టండి" అని అడిగాను. అడగడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆయన పెట్టారు. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను, కానీ లెక్క చూపించి అడగండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండి, నిద్ర దెబ్బతిన్నా డాక్టరును కలవాలి. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులో అయితే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రయినా పగలయినా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా "ఇంక బతికి లాభం లేదు" అంటే మాటవరసకు అన్నారని వదిలేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ముందు వాటిని వాళ్ళకు అందకుండా పక్కింట్లో పెట్టి తాళం వేయించండి. ఆ కాసేపు గడిస్తే చాలాసార్లు మనిషి దక్కుతాడు.

రేటు రాక తల పట్టుకుని కూర్చున్న రైతు కనబడితే టీ తెప్పించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుంటున్నాను. పట్టీ ఇచ్చేటప్పుడు దాని వెనక 14416 అని రాసిస్తున్నాను.