జావ చిక్కబడ్డాకే బరువు కదిలింది

బరువు పెరగడం లేదని ముద్ద పెద్దది చేసి కుక్కితే పిల్లలు కక్కేస్తారు. పొట్ట చిన్నది కదా, కొంచెంలోనే బలం ఉండాలి. ముందు జావ చూడండి: చెంచా వంచగానే నీళ్లలా కారిపోతే బలం లేనట్టే. చెంచాకి అంటుకుని మెల్లగా జారేలా కాచి, దించాక టీస్పూన్ నూనె కలపండి. సుమారు 40 కేలరీలు పెరుగుతాయి, గిన్నె మాత్రం నిండదు. నూనె ఒకేసారి ఎక్కువ పోస్తే కడుపు కదులుతుంది, అర చెంచాతో మొదలుపెట్టండి. మెదిపిన ఉడికిన గుడ్డు, పప్పు కూడా చేర్చవచ్చు.

చాలామంది తప్పటడుగు వేసేది పాల దగ్గరే. ఏడాది దాటిన బిడ్డ రోజుకి అర లీటరు మించి తాగితే అన్నానికి ఆకలి ఉండదు, ఇనుమూ తగ్గుతుంది. భోజనానికి గంట ముందు పాలు, జ్యూసులు ఆపేయాలి. రోజుకి 3 పూటలు, మధ్యలో 2 చిరుతిళ్లు.

నెలకోసారి బిడ్డని ప్రతిసారీ ఒకే తూకం మిషన్ మీద, తేలికపాటి బట్టలతో తూచండి. రెండు పాదాలూ ఉబ్బినా, బిడ్డ నీరసంగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.