కొండ దిగాక కాళ్లకు ఆర్నికా రాస్తున్నారా? ముందు ఇది చదవండి

అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సెందుకులే మెట్ల మీదే దిగుదాం అనుకున్నవాళ్లకు అసలు కథ మర్నాడు మొదలవుతుంది. పిక్కలు పట్టేసి, తొడలు బిగుసుకుపోయి, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాలి. ఎక్కడం కంటే దిగడమే కండరాలకు ఎక్కువ దెబ్బ, ఎందుకంటే ప్రతి మెట్టుకీ తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి. ఇంట్లో ఎవరో ఒకరు ఆర్నికా అనే మూలికా మందు రాయమంటారు. రాయండి, కానీ ఏది కొనాలో, ఎక్కడ రాయకూడదో తెలుసుకుని రాయండి.

ఆర్నికా మన శేషాచలం కొండల మొక్క కాదు. ఆల్ప్స్, పిరనీస్ లాంటి యూరప్ కొండల్లో, పెద్దగా సారంలేని పచ్చిక నేలల్లో పెరుగుతుంది. నేలకు అతుక్కున్నట్టుండే ఆకులు, మధ్యలోంచి నూగున్న కాడ, దాని కొసన పసుపు పువ్వు. చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. పువ్వులో హెలెనాలిన్ అనే పదార్థం ఉంటుంది, వాపు తగ్గించేది అదే, కడుపులోకి పోతే విషమయ్యేదీ అదే. కాబట్టి నడకదారిలో పసుపు పువ్వు కనిపించింది కదా అని కోసుకొచ్చి నూరకండి, అది ఆర్నికా కాదు, పైగా ఆ అడవి నేషనల్ పార్క్, అక్కడ మొక్కలు కోయకూడదు కూడా.

మెడికల్ షాపులో జెల్ గానీ క్రీమ్ గానీ అడగండి. హోమియో షాపులో 30, 200 అని (ఎన్నిసార్లు పలచన చేశారో చెప్పే అంకెలు) ఇచ్చే తెల్ల గుళికలు వేరే సంగతి, వాటిని ఎంత పలచన చేస్తారంటే అందులో పువ్వు తాలూకు పదార్థం మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, నా డబ్బైతే వాటి మీద పెట్టను. మదర్ టింక్చర్ (పలచన చేయని మొక్క సారం) సీసా మాత్రం చిక్కటిది, అది పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి, ఎవరు చెప్పినా నోట్లో వేసుకోవద్దు.

బంతి, చేమంతి మాలలు కట్టేటప్పుడు చేతులు దురద పెట్టేవాళ్లు ఆర్నికా జోలికి వెళ్లకపోవడమే మంచిది, అదే కుటుంబం కాబట్టి దద్దుర్లు రావచ్చు. మిగతావాళ్లు కూడా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. కాలు బెణికితే, కమిలితే మొదట గుడ్డలో చుట్టిన ఐసు ఒక పది నిమిషాలు పెట్టండి. తర్వాత కడిగి తుడుచుకుని, రోజుకు రెండు మూడు సార్లు పలచగా రాయండి, పైన బిగుతుగా కట్టు కట్టకండి, చేతులు కడుక్కోకుండా కళ్లు నలపకండి.

మోకాళ్ల మెట్టు దగ్గర మోకాళ్లతో ఎక్కి చర్మం దోక్కుపోయినవాళ్లు అక్కడ మాత్రం ఇది రాయకూడదు. సబ్బు నీళ్లతో కడగడమే. గుండు చేయించుకున్నాక జుట్టు ఒత్తుగా వస్తుందని ఆర్నికా నూనె పట్టించేవాళ్లకూ ఇదే మాట, బ్లేడు గాట్లు మానేదాకా ఆగండి. జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం కూడా లేదు. తలకు చందనం చాలు.

మరి పనిచేస్తుందా అంటే, చేతివేళ్ల కీళ్ల నొప్పులకు జెల్ కొంత పనిచేసినట్టు పరీక్షల్లో తేలింది, కండరాల నొప్పికి మాత్రం ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. మెట్లు దిగిన నొప్పి ఎటూ నాలుగైదు రోజుల్లో పోతుంది, సగం క్రెడిట్ మీరు రుద్దిన రుద్దుడుకే ఇవ్వాలి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే రాయండి. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా, కాలు మోపలేకపోతున్నా జెల్‌తో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.