తెలువని మనిషి వాకిట్లకొస్తే

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు పోయే తొవ్వల, దేవరకద్ర దాటినంక మా ఊరు. రోడ్డుకు ఆనుకొనే నా కిరాణం, పక్కనే చాయ్ బండి. పెట్టి పద్నాలుగేండ్లాయె. కర్ణాటక బస్సు దిగేటోళ్లు, లారీ డ్రైవర్లు, గొర్లను తోలుకొచ్చే కురుమోళ్లు, మిల్లుల పనికొచ్చిన బిహార్ పోరగాండ్లు, చీరెల మూటలోళ్లు, తమ పేరు కూడ చెప్పలేని మనుషులు, అందరూ మా వాకిలి ముందల్నే ఆగుతరు. పోయిన నెల నుంచి మా కోడలు దుకాణంల కూసుంటున్నది. "అత్తమ్మా, తెలువనోళ్లొస్తే ఏం మాట్లాడాల్నో సమజ్ అయితలేదు, భయమైతది" అన్నది. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న.

ముందు నీళ్లు

మనిషి వచ్చి నిలబడంగనే "ఎవరు నువ్వు?" అని అడుగొద్దు. నీళ్లియ్యాలె. ఎండకాలమైనా వానకాలమైనా అంతే. నీళ్లు తాగేటప్పుడు మనిషి భుజాలు కిందికి దిగుతయి, ఒక ఊపిరి తీసుకుంటడు. ఆ అర నిమిషంల నీకు కూడ చూసుకునే టైం దొరుకుతది. కాళ్లకు ఎంత దుమ్ముంది, చేతుల ఏముంది, ఆకలి మీదున్నడా, తాగి ఉన్నడా, నీ మొఖం చూస్తున్నడా, నీ మెడల గొలుసు చూస్తున్నడా, అన్నీ కనవడతయి.

గ్లాసులు మాత్రం అందరికీ ఒక్కటే రకం ఉండాలె. నా చిన్నప్పుడు మా దిక్కు హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి నడిచేది. కొన్ని ఇండ్ల ముందలైతే గ్లాసు కూడ లేదు, పైనుంచి దోసిట్ల పోసుడే. మా నాయిన వంగి దోసిలి పట్టి తాగుతుంటే పక్కన నిలబడి చూసిన. నీళ్లు మోచేతుల దాక కారి అంగి చేతులు తడిసేవి. అవి పిండుకుంట, ఏం మాట్లాడకుండ నా చెయ్యి పట్టుకొని నడిచేటోడు. మా కురుమూర్తి జాతరల స్వామి ఉద్దాలు, అంటే స్వామి చెప్పులు, వడ్డెమాన్ ఊరి దళితుల చేతుల మీదనే తయారైతయి. ఆ ఉద్దాలు ఊరేగుతుంటే ఊర్లకు ఊర్లు దండం పెడతయి. దండం పెట్టొచ్చిన చేతులే హోటల్ల మాకు వేరే గ్లాసు జరిపేవి. నాయినకు అది బతికున్నంత కాలం మింగుడు పడలే. నా బండి మీద ఒకే తీరు స్టీలు గ్లాసులు, అన్నీ ఒకే బకిట్ల కడుగుడు. ఎవరికైనా అది నచ్చకుంటే రోడ్డవతల ఇంకో దుకాణం ఉంది, పోవచ్చు.

వరుస పెట్టి పిలువాలె

నీళ్లిచ్చేటప్పుడే నోట్ల నుంచి ఒక వరుస రావాలె. పెద్దమనిషైతే బాపు, తాత. ఆడమనిషైతే అవ్వ, పెద్దమ్మ, నీ ఈడైతే అక్క. చిన్నోళ్లయితే తమ్మి, చెల్లె, బిడ్డ. సాయిబులైతే భాయ్, చాచా. "ఏయ్", "అరేయ్", "ఓ బిహారీ" అనే మాటలు మన వాకిట్ల వినవడొద్దు. ఊరుపేరునే మనిషి పేరు చేసి పిలిస్తే ఎంత కాలుతదో మనకు తెల్వదా? మనోళ్లు వలస పోయినకాడ ఎవరి పేరూ అడుగకుండ అందరిని "పాలమూరు లేబర్" అని ఒక్కటే మూట కట్టలేదా?

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు మా అమ్మానాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని పుణె దిక్కు బిల్డింగు పనికి పోయిండ్రు. నన్ను కూడ తీస్కపోయిండ్రు. వాళ్లు పైన సెంట్రింగు పనిల, నేను కింద ఇసుక కుప్ప మీద. ఒకనాడు పగటీలి ఎదురింటి ముసలామె "యే బాళ, పాణీ పీ" అని పిలిచింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలె. చెంబు చూపిచ్చింది, పోయిన. నీళ్లయినంక పళ్లెంల జొన్నరొట్టె పెట్టి, దాని మీద నూరిన పచ్చిమిరపకాయ కారం వేసింది. ఆమె దాన్ని "భాకరీ" అన్నది. నేను "రొట్టె" అన్న. ఆమె మళ్ల "భాకరీ" అని నా నోట పలికిచ్చింది, నేను ఆమె నోట "రొట్టె" పలికిచ్చిన. రొట్టె అంచు మా అమ్మ చేసినట్టే కొంచెం మాడి ఉండె. ఆ ఊర్ల ఏడు నెలలున్నం. అక్కడి వీధి పేరు యాదికి లేదు, ఆ "బాళ" అన్న పిలుపు ఉంది.

భాష రాకుంటే ఆగిపోవద్దు. "తిన్నవా?" అనేది ఒక్కటి మూడు భాషలల్ల నేర్చుకుంటే చాలు. రాయచూరోళ్లను "ఊట ఆయ్తా?" అనాలె, బిహారోళ్లను "ఖానా ఖాయా?" అనాలె. అవతల మనిషి మొఖం ఎట్ల మారుతదో నువ్వే చూస్తవు.

ఏం అడుగాలె, ఏం అడుగొద్దు

మొదటి మాట "ఎక్కడికి పోవాలె?" అని ఉండాలె. "ఎవరు, ఎందుకొచ్చినవ్" అంటే పోలీసు అడిగినట్టుంటది. ఎక్కడికి పోవాలె అంటే సాయం చేస్తనన్నట్టుంటది. జవాబు మాత్రం రెండిట్లకూ ఒక్కటే వస్తది. ఆ తర్వాత ఊరు అడుగు. ఊరు చెప్పుడు ఎవరికైనా సంబురమే. కులం అడుగొద్దు. సూటిగ అడుగుడు బాగుండదని ఇంటిపేరు అడిగి లోపల లెక్క కట్టేటోళ్లున్నరు, అది కూడ అడిగినట్టే. "పిల్లలెందరు", "జీతమెంత", "ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నవ్", ఇవి రెండోసారి వచ్చినంక, వాళ్లే మాట తీస్తే మాట్లాడు.

తొవ్వ అడిగితే కూసున్నకాన్నుంచి చెయ్యి ఊపి "గట్ల పో" అనొద్దు. లేచి మూల మలుపు దాక పోయి చూపెట్టు. తెల్వకుంటే తెల్వదని చెప్పు. తెల్వదంటే చిన్నతనమని ఏదో ఒక దిక్కు చూపెడతరు మన దగ్గర. నెత్తిన మూట పెట్టుకొని రెండు కిలోమీటర్లు ఉత్తగ నడిచి తిరిగొచ్చిన అవ్వను చూసిన నేను.

నీళ్లు వేరు, బంగారం వేరు

ఇది మా ఇంట్ల జరిగిన సంగతే. ఇద్దరు పోరగాండ్లు బండి మీద వచ్చిండ్రు, ఇత్తడి గిన్నెలకు మెరుగు పెట్టే పౌడర్ అమ్ముతున్నమని. ఇంట్ల మా అత్త ఒక్కతే ఉంది. నీళ్లడిగిండ్రు, ఇచ్చింది. చెంబుకు మెరుగు పెట్టి చూపిచ్చిండ్రు, తళతళ మెరిసింది. వెండి పట్టీలు కూడ మెరిపిచ్చిండ్రు. ఆఖరికి మెడల గొలుసు అడిగిండ్రు. డబ్బాల పసుపు నీళ్లు పోసి, గొలుసు అందుల వేసినట్టు చేసి, మూత పెట్టి, "పది నిమిషాలు మూత తియ్యకు అవ్వా, రంగు పోతది" అన్నరు. అత్త పది నిమిషాలు నిజంగనే డబ్బా ముందల కూసున్నది. మూత తీస్తే వట్టి పసుపు నీళ్లు.

ఆనాటి సంది అత్త ఎవరికీ నీళ్లియ్యలే. తలుపు సందుల నుంచే "పో, పో" అనేది. ఆమె బాధ నాకు తెల్సు, రెండున్నర తులాలు పోయినయి. అయినా నేను ఆమెతోని కొట్లాడిన. గొలుసు నీళ్లిచ్చినందుకు పోలే అత్తా, మెడల నుంచి తీసిచ్చినందుకు పోయింది. నీళ్లు, నీడ, తొవ్వ, మంచి మాట, ఇవి అడిగినోళ్లకల్ల ఇయ్యొచ్చు. బంగారం, తాళంచెవి, ఆధార్ కార్డు, ఫోన్ల వచ్చిన ఓటీపీ, ఇంటి లోపలి జాగ, ఇవి తెలువనోళ్లకు ఇయ్యొద్దు. ఈ రెండు మూటలు కలుపొద్దు. కలిపితే ఒకసారి మోసపోతం, లేకుంటే జీవితమంత తలుపేసుకొని బతుకుతం.

ఇంట్ల ఒక్కదానివే ఉంటే గేటు తియ్యకు. చెంబు అరుగు మీద పెట్టి రెండడుగులు వెనుకకు జరుగు, తాగినంక అక్కడనే పెట్టమను. "ఇంట్ల ఎవరూ లేరు" అని ఎప్పుడూ అనొద్దు. పక్కింటి వదినను పేరు పెట్టి గట్టిగ పిలువు, పని లేకున్నా పిలువు. మెరుగు పెడతమన్నోళ్లను, కార్డు సరి చేస్తమన్నోళ్లను "మా ఆయన వచ్చినంక రాండ్రి" అని పంపు. మంచోళ్లయితే మళ్ల వస్తరు. పైసలు ఫోన్ల నుంచి పోతే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యాలె.

గుంపు చేరితే

2018 మే నెల నేను మరువను. పిల్లలనెత్తుకపోయే గ్యాంగులు తిరుగుతున్నయని వాట్సాప్‌ల ఒకటే మెసేజ్‌లు. రాత్రి కట్టెలు పట్టుకొని కాపలా కాసిండ్రు మా ఊర్ల. ఆ నెలల మన రాష్ట్రంల అమాయకులు దెబ్బలకు పానాలిడిచిండ్రు. గద్వాల ఎస్పీగ ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికి పంపిచ్చి, డప్పు కొట్టిచ్చి, పాటలు కట్టిచ్చి, ఆ మెసేజ్‌లు అబద్ధమని చెప్పిచ్చిండ్రు. ఫోన్ల వచ్చిన పుకారును మనుషులే ఎదురుంగ వచ్చి కాదని చెప్తే జనం నమ్మిండ్రు.

అదే నెలల ఒక పొద్దుగాల మా చింతచెట్టు కింద ఒక ముసలాయన కూసోనున్నడు. పెరిగిన గడ్డం, ఒక చేతికి గుడ్డ చుట్టి ఉంది, ఒళ్లె ఒక మూట. ఏం అడిగినా జవాబు లేదు, చెప్పే మాట మనకు అర్థం కాదు. పది మంది ఇరవై అయిండ్రు. ఒకడు వీడియో తీస్తున్నడు. "మూట విప్పు, మూట విప్పు" అని లొల్లి. ఆయన మూటను పొట్టకు అదుముకున్నడు. నేను చెంబు తీస్కపోయి ఆయన పక్కన నేల మీద కూసున్న. నా కాళ్లు వణికినయి. కూసున్నంక మాత్రం కట్టె ఎత్తినోడు ఎత్తినట్టే ఆగిండు, ఎందుకంటే దెబ్బ వేస్తే నాకు కూడ తగులుతది. ఆయన నీళ్లు తాగలే. చెంబుల చెయ్యి ముంచి, తన మోకాలి మీది పుండు కడుక్కున్నడు. అప్పటిదాక ఆ పుండు ఎవ్వరం చూడలే.

అటువంటిది మీ ఊర్ల జరిగితే చేయాల్సింది చెప్తున్న. చుట్టు నిలబడొద్దు, ఒక్కరో ఇద్దరో దగ్గరికి పోవాలె, అందుల ఒక ఆడమనిషి ఉండాలె. నిలబడి అడుగొద్దు, ఆయన కూసుంటే మనం కూసోవాలె. ఫోన్లు జేబుల పెట్టియ్యాలె. మూట ముట్టొద్దు. ఇల్లు లేని మనిషికి మూటనే ఇల్లు, మన ఇంట్ల ఎవరన్నా చొరవడి బీరువా తీస్తే ఊకుంటమా? అనుమానముంటే 112కి ఫోన్ కొట్టి, వాళ్లు వచ్చేదాక నీడకు కూసోవెట్టాలె. ఒంటరి పిల్లలు కనవడితే 1098, ఆడోళ్లు ఆపదల ఉంటే 181, దిక్కులేని ముసలోళ్లకు 14567. ఈ నంబర్లు నా దుకాణం గోడకు సున్నం మీద గీరి పెట్టిన.

ఆ ముసలాయనను పోలీసులు జీపుల ఎక్కిచ్చుకొని పోయిండ్రు. ఏ ఊరాయన, ఎవరి తండ్రి, మూటల ఏముండె, నాకు ఇప్పటికీ తెల్వదు.

పనికొచ్చినోళ్లు

మిల్లుకో ఇటుక బట్టీకో వచ్చి నెలల తరబడి ఉండేటోళ్లకు సామాను ఊరోళ్ల రేటుకే అమ్మాలె. భాష రాదని రెండు రూపాయలు ఎక్కువ తీసుకునుడు దొంగతనమే. వాళ్లకు తెల్వని సంగతి చెప్పుడు ఇంకా పెద్ద సాయం. వాళ్ల ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడి రేషన్ దుకాణంల కూడ బియ్యం వస్తయి, కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. చాలమందికి ఈ ముచ్చట తెల్వదు. బిహార్ నుంచి వచ్చిన ఒకామెను నేనే వెంట తీస్కపోయిన. మిషన్ మీద పేరు రాంగనే ఆమె నా చెయ్యి పట్టుకొని పేరు మళ్ల మళ్ల చదివిచ్చుకున్నది.

మనమే తెలువనోళ్లమైతే

ఇంకో ఊరికి పోయినప్పుడు ఎవరింటి ముందలకైనా సప్పుడు లేకుండ పోవద్దు. దూరం నుంచే "అవ్వా, ఇంట్ల ఉన్నరా?" అని పిలువు. లోపలికి తొంగి చూడకు. అడుగకముందే నీ ఊరు, వచ్చిన పని చెప్పు. ఇచ్చిన నీళ్లు దప్పిక లేకున్నా రెండు గుక్కలు తాగు, చెంబు చేతికియ్యి. ఊరు మొత్తానికి సంగతులు తెల్సేది కిరాణం దుకాణంలనే, మొదలు అక్కడికే పో.

కుండ పెట్టే తీరు

ఉగాది రాకముందే దుకాణం ముందల రెండు కుండలు పెడత. కింద ఇసుక పోసి తడిపి, దాని మీద కుదురుగ నిలవెట్టాలె. పొద్దుగాల కడిగి నింపాలె, పగటీలి మళ్ల నింపాలె, పైన మూత, మూత మీద గ్లాసు. మా కోడలు మొన్న గ్లాసుకు చిన్న గొలుసు కట్టి కుండకు ముడేసింది, ఎవరన్నా తీస్కపోతరేమోనని. నేను ఇప్పిన. గొలుసు చూసినోడు నీళ్ల కంటే ముందు మన అనుమానాన్నే తాగుతడు బిడ్డా అన్న. ఏడాదికి నాలుగైదు గ్లాసులు పోతయి. పోయినప్పుడల్ల దేవరకద్ర అంగట్ల కొనుక్కొస్త, ఈసారి ఆ పిల్లనే తెమ్మన్న, అదే తీరువి, డజను.