పెంపుడు జంతువుల నుంచి పిల్లలకు తామర అంటితే ఏం చేయాలి?

పిల్లి కూనను ఇంటికి తెచ్చిన ఒకటి రెండు వారాలకు పిల్లవాడి మెడ మీదో ముంజేతి మీదో రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ లేచి, దాని అంచు ఉబ్బి పొట్టు రాలుతూ, నడుమ మాత్రం మామూలు చర్మంలా కనిపిస్తే అది తామర కావచ్చునని అనుమానించాలి. ఇంగ్లీషులో దీనికి రింగ్‌వార్మ్ అని పురుగు పేరు పెట్టారు గాని ఇందులో పురుగేమీ లేదు. ఇది చర్మంలో, వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ను తిని బతికే ఫంగస్. పిల్లులు, కుక్కల నుంచి మనుషులకు సోకేది చాలావరకు మైక్రోస్పోరమ్ కేనిస్ అనే రకం. పల్లెల్లో లేగదూడల ముఖం మీద, కళ్ల చుట్టూ బూడిదరంగు పెచ్చులుగా కనిపించేది వేరొక రకం. అది కూడా దూడలతో ఆడుకునే పిల్లలకు అంటుకుంటుంది.

మొదట చేయవలసిన పని ఒకటి కాదు, రెండు: పిల్లవాణ్ని చర్మవైద్యుడి దగ్గరకు, జంతువును పశువైద్యుడి దగ్గరకు అదే వారంలో తీసుకువెళ్లాలి. ఒకరికి వైద్యం చేసి మరొకరిని వదిలేస్తే, తగ్గిన తామర నెల తిరగకముందే మళ్లీ వస్తుంది. పశువైద్యుడు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద వెంట్రుకలను చూస్తాడు. అవి ఆకుపచ్చగా మెరిస్తే అనుమానం బలపడుతుంది. మెరవనంత మాత్రాన తామర లేదని చెప్పలేము, అందుకే వెంట్రుకలను కల్చర్ పరీక్షకు, అంటే ఫంగస్ పెరుగుతుందేమో ప్రయోగశాలలో చూడడానికి, పంపుతారు. పైకి ఒక్క మచ్చయినా లేకుండా ఒంటినిండా ఫంగస్ బీజాలను మోసే పిల్లులు ఉన్నాయి, ముఖ్యంగా పర్షియన్ వంటి పొడవాటి వెంట్రుకలవి. కనుక ఇంట్లో రెండు పిల్లులుంటే బాగున్నట్టు కనిపించే దాన్ని కూడా పరీక్ష చేయించాలి.

అయితే ప్రతి తామరకూ పిల్లినే తప్పుపట్టకూడదు. మన దేశంలో తామర ఎక్కువగా మనిషి నుంచి మనిషికే పాకుతోంది. నడుము దగ్గరో గజ్జల్లోనో దురద ఉన్నా పైకి చెప్పుకోని పెద్దవారు ఇంట్లో ఉంటే, పిల్లవాడికి అది వారి తువ్వాలు నుంచే వచ్చి ఉండవచ్చు. ఇంటిల్లిపాదీ ఒళ్లు చూసుకోవడం ఈ దశలోనే జరగాలి.

ఇక మందు సంగతి. ఒంటి మీది తామరకు క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినఫిన్ వంటి ఫంగస్ మందు మాత్రమే ఉన్న క్రీమును, మచ్చ మీదనే కాక దాని అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర, వైద్యుడు చెప్పినన్ని పూటలు రాయాలి. సాధారణంగా ఇది రెండు నుంచి నాలుగు వారాల పని. మచ్చ మాయమైన మరునాడే ట్యూబును పక్కన పెట్టడం అందరూ చేసే పొరపాటు. కంటికి కనిపించని ఫంగస్ ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి మరో వారం పది రోజులు కొనసాగించాలి.

నన్నడిగితే మన ఇళ్లలో తామర ముదరడానికి పిల్లి కంటే పెద్ద కారణం, మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే మిశ్రమ క్రీము. అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద, ఎరుపు తగ్గిపోతాయి గనుక మందు గొప్పగా పనిచేసిందని అనుకుంటాము. నిజానికి చర్మం పోరాడడం మానేస్తుంది, ఫంగస్ మాత్రం లోపల్లోపలే విస్తరిస్తుంది. తరువాత మచ్చ ఆకారమే మారిపోయి వైద్యుడు కూడా వెంటనే గుర్తుపట్టలేని స్థితి వస్తుంది, పిల్లల లేత చర్మం పలచబడి చారలు పడుతుంది. కాబట్టి కొనేముందు ట్యూబు మీది పేర్లు చదవండి. వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పూయడం కూడా వద్దు. చర్మం కాలి పుండవుతుంది.

తలలో వచ్చిన తామరకు ఏ క్రీమూ చాలదు. వెంట్రుకలు మొదలంటా విరిగి, గుండ్రంగా జుట్టు రాలి, పొట్టు లేస్తుంటే గ్రిసియోఫుల్విన్ లేదా టెర్బినఫిన్ వంటి మందును పిల్లవాడి బరువును బట్టి వైద్యుడే నిర్ణయించి ఆరు, ఎనిమిది వారాలపాటు లోపలికి ఇస్తారు. గ్రిసియోఫుల్విన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. నెయ్యి వేసిన అన్నం తిన్నాక ఇవ్వడం మేలు. గుండు చేయించవలసిన అవసరం లేదు. తల మీద మెత్తటి వాపు వచ్చి చీము కారుతుంటే అది మామూలు గడ్డ అనుకుని కోయించకండి. తామరే అలా ముదిరి ఉండవచ్చు. ఆలస్యమైతే అక్కడ జుట్టు శాశ్వతంగా పోతుంది, కనుక అదే రోజు వైద్యుణ్ని కలవాలి.

జంతువుకు వైద్యం రెండు వైపుల నుంచి జరుగుతుంది. మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు, నురుగును పది నిమిషాలు ఒంటి మీద ఉంచి స్నానం చేయించాలి. లోపలికి పిల్లులకు ఎక్కువగా ఇట్రాకొనజోల్‌ను పశువైద్యుడు ఇస్తాడు. మనుషుల మాత్రను విరిచి పెట్టడం, టీ ట్రీ నూనె రాయడం పిల్లి ప్రాణానికే ముప్పు.

ఈ కాలమంతా పిల్లిని సులభంగా తుడుచుకోగల ఒకే గదిలో ఉంచి, పెద్దవారే చేతి తొడుగులతో దాని పనులు చూడాలి. రాలిన వెంట్రుకల్లోని బీజాలు ఏడాదికి పైగా బతకగలవు. కాబట్టి అసలు పని వెంట్రుకలను తీసివేయడమే. తడిగుడ్డతోనో వాక్యూమ్‌తోనో రోజూ తీసి, ఆ తరువాతే నేలను బ్లీచింగ్ ద్రావణంతో పది నిమిషాలు తడిపి కడగాలి. అందులో ఫినాయిల్‌ను గాని, మరుగుదొడ్డి యాసిడ్‌ను గాని కలపకూడదు. యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది, ఫినాయిల్ పిల్లులకు విషం. దుప్పట్లను విడిగా రెండుసార్లు ఉతికి ఎండలో ఆరవేయాలి. దువ్వెన, తువ్వాలు, టోపీ ఎవరివి వారికే ఉండాలి.

మందు మొదలుపెట్టి మచ్చను బట్టతో కప్పితే పిల్లవాడు బడికి వెళ్లవచ్చు. పిల్లి విషయంలో మాత్రం బొచ్చు తిరిగి మొలవడాన్ని నమ్మకండి. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, ఆ బ్రష్‌ను కల్చర్‌కు పంపితే, వరుసగా రెండుసార్లు ఫంగస్ లేదని తేలిన తరువాతే గది తలుపు తీసి పిల్లవాణ్ని, పిల్లిని మళ్లీ కలవనివ్వండి.