క్యాష్‌లెస్ డిశ్చార్జ్ ఆగిపోతే ఏం చేయాలి

పొద్దున పదింటికి రౌండ్స్‌లో డాక్టరు ‘ఇంటికెళ్లొచ్చు’ అంటారు. సాయంత్రం ఏడైనా పేషెంటు మంచం మీదే ఉంటారు. సోమాజిగూడ అయినా, గచ్చిబౌలి అయినా, సికింద్రాబాద్ అయినా తంతు ఇదే. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే క్యాష్‌లెస్ కదా అని ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడిగితే ‘కంపెనీ నుంచి అప్రూవల్ రాలేదు’ అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే ‘హాస్పిటల్ నుంచి పేపర్లు రాలేదు’ అంటారు. ఇద్దరి స్క్రీన్లూ వేరు, మీకు రెండూ కనిపించవు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: తుది బిల్లు, డిశ్చార్జ్ సమరీ కంపెనీ పోర్టల్లో ఎన్ని గంటలకు ఎక్కాయి?

ఆ టైమెందుకంటే, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే నెల మాస్టర్ సర్క్యులర్ ప్రకారం చేరేటప్పటి క్యాష్‌లెస్ అభ్యర్థనపై కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందాక మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా బిల్లు వేస్తే, అది కంపెనీయే తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. అయితే ఈ మూడు గంటలు మొదలయ్యేది డాక్టరు వెళ్లొచ్చన్నప్పుడు కాదు, ఆస్పత్రి పంపిన అభ్యర్థన కంపెనీకి అందినప్పుడు. రోజంతా తినేసేది సాధారణంగా దానికి ముందున్న సమయమే: సమరీ టైపు చేయడం, డ్యూటీ డాక్టరు సంతకం, వాడని మందులు ఫార్మసీకి వాపసు, ల్యాబ్ క్లియరెన్స్. వీటిలో ఒక్కటి పెండింగ్‌లో ఉన్నా చాలాచోట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తుది బిల్లు తీయనివ్వదు.

అందుకే పని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. డిశ్చార్జ్ ఖాయమనుకుంటే వార్డు సిస్టర్‌ను అడిగి మిగిలిన మందులు, సిరంజీలు ఆ రాత్రే వాపసు వేయించండి. సమరీ డ్రాఫ్ట్ తయారుచేయమనండి. పొద్దున బిల్లు తయారవగానే డెస్క్‌కు వెళ్లి, అప్‌లోడ్ అయినట్టు చూపించే స్క్రీన్‌ను ఫోటో తీసుకోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే టైము, క్లెయిమ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. ఆ వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టండి: ‘క్లెయిమ్ నంబరు ఫలానా. తుది బిల్లు మీకు మధ్యాహ్నం 2:40కి అందింది. గడువు 5:40కి ముగుస్తుంది. అప్పటికి అనుమతి రాకపోతే ఆపై పడే గది అద్దె మీ బాధ్యతే.’ కాల్ సెంటరుతో అరగంట మాట్లాడటం కన్నా ఈ నాలుగు వాక్యాలు బాగా పనిచేస్తాయి, రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే సాక్ష్యంగానూ నిలుస్తాయి.

ఇక ‘క్వెరీ’. మూడు గంటలూ గడిచేలోపు కంపెనీ ఒక ప్రశ్న పంపిందంటే వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. మన దగ్గర ఎక్కువగా క్వెరీ పడేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాలసీలో చివర ఉంటుంది, ఆస్పత్రి రిజిస్ట్రేషన్లో ఒక్క అక్షరమే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. చేరేటప్పుడే పాలసీ కార్డు చూపించి, అందులో ఉన్నట్టే పేరు ఎక్కించమనండి. రెండోది కేస్ షీట్లో హిస్టరీ. హడావుడిలో ఇంట్లోవాళ్లు ‘షుగర్ ఎప్పట్నుంచో ఉంది’ అంటే డ్యూటీ డాక్టరు ‘పదేళ్లుగా’ అని రాసేస్తారు. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయితే, జబ్బు దాచారనే అనుమానం అక్కడే పుడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కానీ తేదీలు పాత రిపోర్టులు చూసి చెప్పండి. తప్పు పడితే డాక్టరు చేత అప్పుడే సరిదిద్దించి సంతకం పెట్టించండి.

ఓటీపీ సంగతి కూడా ముందే చూసుకోవాలి. అమ్మానాన్నల పాలసీలో అమెరికాలో ఉన్న అబ్బాయి పాత నంబరు ఉంటే అర్ధరాత్రి కంపెనీ పోర్టల్లో లాగిన్ కాలేరు. ఆ నంబరు ఇప్పుడే మార్పించండి. కాగితాల ఫోటోలు అప్‌లోడ్ కాకపోతే చాలాసార్లు కారణం సైజే. నలుపు తెలుపులో 200 డీపీఐకి స్కాన్ చేసి, ఖాళీలు లేని చిన్న ఇంగ్లిష్ పేరుతో పీడీఎఫ్‌గా పంపండి.

డబ్బు అసలు ఎక్కువగా పోయేది గది దగ్గర. 5 లక్షల పాలసీలో గది అద్దెకు ఒక శాతం పరిమితి ఉంటే రోజుకు 5,000. మీరు 8,000 గది తీసుకుంటే చేతినుంచి పడేది ఆ 3,000 మాత్రమే కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటివి కలిపి 2 లక్షలైతే, కంపెనీ 5,000కు 8,000 నిష్పత్తిలో 1,25,000 మాత్రమే ఇచ్చి 75,000 మీ మీద వేస్తుంది. పెద్ద గదిలో అదే ఆపరేషన్‌కు ఎక్కువ రేటు వేయడం ఆస్పత్రికి లాభం, ఆ తేడా కోసేయడం కంపెనీకి లాభం. మధ్యలో నలిగేది జబ్బుపడ్డ మనిషి, ఇది అన్యాయమే. కానీ మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు. సెటిల్‌మెంట్ లెటర్లో ఆ వరుసలు ఒక్కొక్కటే చూడండి. గుండె స్టెంట్ వేస్తే దాని బ్రాండు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలి.

క్యాష్‌లెస్ పూర్తిగా తిరస్కరిస్తే కారణం లిఖితపూర్వకంగా తీసుకోండి. డబ్బు మీరే కట్టి తర్వాత కంపెనీని అడగాలంటే, బయటికి వచ్చేముందు సమరీ, వివరాలతో తుది బిల్లు, కట్టిన ప్రతి రసీదు, ఫార్మసీ బిల్లులు, రిపోర్టులు, ఇంప్లాంట్ స్టిక్కర్లు చేతిలో ఉండాలి. తర్వాత వెళ్లి అడిగితే స్టిక్కరు దొరకదు.

ఫిర్యాదు మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాతలో ఇవ్వండి. పట్టించుకోకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, లేదా 155255 నంబరు. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తేల్చే అధికారి) ఆఫీసుకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు క్లెయిములు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, మీ ఫిర్యాదు కాపీ, పైన చెప్పిన మెయిలు ప్రింటు తీసుకెళ్లండి.